గోడ వంక

మార్చి 3, సోమవారం

కిటికీ పక్క సీటు పోయింది. జనవరిలో చేరిన కొత్తమ్మాయికి రెండు కంప్యూటరు తెరలు కావాలట, రెండు తెరలు పట్టే టేబుల్ ఆఫీసు మొత్తానికీ అదొక్కటేనట. పదకొండేళ్లు కూర్చున్న చోటు. ఇప్పుడు నాకు ఎదురుగా గోడ, పక్కన ప్రింటరు. మా ఆర్కిటెక్టు పెద్దాయన స్వయంగా వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు కాబట్టి సరేనన్నాను. ఆయన భుజం మీద చెయ్యి వేశాడంటే ఏదో ఒకటి ఊడబోతోందని మా ఆఫీసులో అందరికీ తెలుసు.

వెళ్లబోతూ ఇంకో మాట అన్నాడు. "ఆ అమ్మాయికి ఇచ్చిన మూడు నెలల గడువు ఈ నెలాఖరుతో అయిపోతుంది గుండుగారూ. ఉంచాలా, పంపించాలా మీరే చెప్పండి. మీ మాటే ఖాయం."

ఓదార్పుకి అన్నాడో, సీటుకి బదులుగా ఇచ్చాడో తెలియదు. ఏదైతేనేం, ఆ అమ్మాయి ఉద్యోగం ఇప్పుడు నా చేతిలో ఉంది. నా ఇత్తడి గుండును కొత్త టేబుల్ మీద పెట్టుకున్నాను. మేస్త్రీలు దారం కట్టి గోడ నిలువు చూసుకునే గుండు. నాకు ఆ పేరు దాన్ని చూసే పెట్టారు గానీ నా నెత్తిని చూసి కాదు.

మార్చి 4, మంగళవారం

లైబ్రరీ ఫైలులో తూర్పు ఎలివేషన్ చెడింది.

మొన్ననే ఆ అమ్మాయికి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాను. ప్లాన్ మీద చిన్న గుండ్రటి గుర్తు ఉంటుంది, దానికో బాణం. బాణం ఏ గోడను చూస్తే ఆ గోడ తెర మీద మనకు ముందునుంచి కనిపిస్తుంది. అదే ఎలివేషన్. బాణం గోడకు సూటిగా ఎదురు నిలబడాలి. వెంట్రుకవాసి పక్కకు తిరిగినా కిటికీల పక్క అంచులు తొంగి చూస్తాయి, స్తంభాల వరసలు చూపించే గీతలు మాయమైపోతాయి. సాఫ్ట్‌వేర్‌కు అంత పట్టింపు. దానిలో నాకు నచ్చేది అదొక్కటే.

పొద్దున తెరిస్తే ఏడు గీతల్లో ఒక్కటీ లేదు. బాణం కోణం చూశాను. అర డిగ్రీ. సున్నాకు తిప్పగానే ఏడూ వచ్చాయి. ఎవరి చెయ్యో తగిలి ఉంటుంది.

మార్చి 5, బుధవారం

మళ్లీ అర డిగ్రీ. మళ్లీ తిప్పాను.

మార్చి 6, గురువారం

ఎవరు ఎప్పుడు ఏం ముట్టుకున్నారో ఫైలు రాసి పెట్టుకుంటుంది. నిన్న సాయంత్రం అయిదూ నలభై, కొత్తమ్మాయి. మొన్న సాయంత్రం అయిదూ ముప్పై అయిదు, కొత్తమ్మాయి. నేను అయిదున్నరకు బయలుదేరతానని అందరికీ తెలుసు.

సంగతి అర్థమైంది. పాత లైబ్రరీ తూర్పు గోడకు ఆనించి కొత్త చదువుల హాలు కడుతున్నాం. ఇరవై ఎనిమిదో తారీఖున ఇనుప చట్రాలకు, అద్దాలకు ఆర్డరు వెళుతుంది. ఆ రోజు పెద్దాయన షీట్లు తెరిచేసరికి గీతలు ఉండవు. "అయ్యో, సార్ చూసుకోలేదేమో, నేను సరిచేస్తాను" అంటుంది. ప్రతి షీటు కింద మూలన 'తనిఖీ' అని ఒక గడి ఉంటుంది. ఇరవై ఆరేళ్లుగా అందులో నా పొడి అక్షరాలే పడుతున్నాయి. సీటు తర్వాత ఆ గడి.

వేరే భవనం ఏదైనా అయితే ఇంత మండేది కాదు. ఈ లైబ్రరీ పాత భవనాన్ని కొలిచి కాగితం మీదికి ఎక్కించింది నేనే. ఉద్యోగంలో నా మొదటి పని. ఒక్కసారి టేపు పట్టాం, ఆ ఒక్కసారే చాలింది. తర్వాత ఆ కాగితాన్నే నేను ఈ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చాను. ఫైలులో పాత గోడలకు తాళం వేసి ఉంటుంది, నేను తప్ప ఎవరూ కదపలేరు. గోడను కదపలేక బాణాన్ని పట్టుకుంది.

మార్చి 7, శుక్రవారం

తనే వచ్చింది.

"సార్, తూర్పు ఎలివేషన్ గురించి ఒక మాట."

"నాకు తెలుసులేమ్మా."

"తెలుసా సార్?"

"ఆ గోడ సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. దాన్ని గీసింది నేనే."

"మీరు గీసిందా" అంది, సగం తనలో తనే. కాసేపు నా వంక చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "లేజరు సర్వే చుక్కలు పెట్టుకుని చూశారా సార్?" అంది.

లేజరు వాళ్లు భవనం మొత్తాన్నీ లక్షల చుక్కలుగా కొలిచి ఒక పెద్ద ఫైలు ఇచ్చారు. దాన్ని తగిలిస్తే నా కంప్యూటరు మొరాయిస్తుంది, అందుకే నేను తీసి పక్కన పెట్టాను. అదే చెప్పాను. ఆ అమ్మాయి ఇంకేమీ అనకుండా వెళ్లిపోయింది. దొరికిపోయిన ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదా.

మార్చి 10, సోమవారం

అర డిగ్రీ.

ఇంట్లో చెప్పాను. మా ఆవిడ ముందుగదిలో కుట్టుమిషను మీద ఉంది. కుట్టు ఆపకుండానే విన్నది.

"ఆ అమ్మాయినే అడగొచ్చుగా, ఎందుకు తిప్పుతున్నావని."

"అడిగితే జాగ్రత్తపడుతుంది."

"పడితే మంచిదేగా. తిప్పడం మానేస్తుంది."

"నీకు ఆఫీసు సంగతులు తెలియవు."

"తెలియవు. అడిగితే నోరు అరిగిపోతుందా అని మాత్రం తెలుసుకోవాలనుంది" అని దారం కొరికింది. భోజనం దగ్గర నేను మాట్లాడలేదు. నేను మాట్లాడటం లేదని ఆవిడకు తెలిసినట్టు కూడా లేదు.

మార్చి 11, మంగళవారం

ఆ అమ్మాయీ పెద్దాయనా ప్రింటరు దగ్గర నవ్వుకుంటున్నారు. నేను దగ్గరికి వెళ్లగానే మాటలు ఆగిపోయాయి. నిజానికి ప్రింటరు నా పక్కనే ఉంది, నేను ఎక్కడికీ వెళ్లలేదు, అక్కడే కూర్చున్నాను. అయినా మాటలు ఆగాయి.

మార్చి 12, బుధవారం

ఇవాళ బరితెగించింది. తూర్పు ఎలివేషన్ షీటు మీద, ఫైలు తెరవగానే నాకు కనిపించేలా ఎర్ర పెట్టెలో రాసి పెట్టింది.

"గోడ వంక చూడండి సార్."

నా సీటు ఎటు తిరిగి ఉందో తెలిసే రాసింది. పొద్దున తొమ్మిదింటినుంచి సాయంత్రం అయిదున్నరదాకా నేను చూసేది గోడ వంక కాకపోతే మరి దేని వంక? కిటికీ లాక్కుని, ఇప్పుడు గోడను చూస్తూ కూర్చోమని వెక్కిరింపు. నా కూతురయితే లాగి ఒక్కటి ఇచ్చేవాణ్ణి. ఆ పెట్టెను తీసేశాను. బాణాన్ని సున్నాకు తిప్పాను.

మార్చి 13, గురువారం

చూశాను. ఒకచోట రంగు పెచ్చు లేచింది.

మార్చి 15, శనివారం

నిన్న వల పన్నాను. వెళ్లేముందు బాణాన్ని నేనే రెండు డిగ్రీలు తిప్పి వదిలాను. ఊరికే చెడగొట్టాలనుకునే మనిషయితే నేను సగం పని చేసి పెట్టానని సంతోషించి అలాగే వదిలేయాలి. మంచి మనిషయితే సున్నా చేయాలి.

ఇవాళ చూస్తే సరిగ్గా అర డిగ్రీ. కొలిచి మరీ తెచ్చి పెట్టింది. మనిషికి ఇంత కక్ష ఉంటుందా.

ఎర్ర పెట్టె కూడా మళ్లీ ఉంది. అదే మాట. చివర "దయచేసి" అని చేర్చింది.

మార్చి 17, సోమవారం

అప్పట్లో లైబ్రరీలో రెండోసారి కూడా టేపు పట్టినట్టున్నాం. ఎందుకు పట్టామో గుర్తు లేదు. దీన్ని ఇప్పుడు ఎందుకు రాస్తున్నానో కూడా తెలియదు.

మార్చి 19, బుధవారం

నేను ఎవరి మీదా ఏమీ చెప్పలేదు. పెద్దాయన అడిగాడు, ఉన్నది చెప్పాను.

"అమ్మాయి ఎలా చేస్తోంది?" అన్నాడు.

"చురుకే. కాకపోతే తనిఖీ అయిన షీట్లను నా వెనకాల మారుస్తోంది" అన్నాను. తారీఖులు, వేళలు చూపించాను. తొమ్మిదిసార్లు. ఆయన ఆ అమ్మాయిని పిలిచాడు.

"ఎలివేషన్ తిప్పింది నువ్వేనా?"

"అవునండీ."

"ఎందుకు?"

ఆ అమ్మాయి నా వంక చూసింది. పెద్దాయన వంక కాదు, నా వంకే. "సార్‌కి రాసి పెట్టానండీ" అంది.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "చూశాను రాసింది" అన్నాను. ఏం రాసిందో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ వెక్కిరింపు నలుగురికీ చెప్పుకుంటే పోయేది నా పరువే. ఆ అమ్మాయి ఇంకా నన్నే చూస్తోంది, నేను ఏదో అంటానన్నట్టు. నేనేమంటాను?

"శుక్రవారందాకా రా" అన్నాడు పెద్దాయన.

మార్చి 21, శుక్రవారం

వెళ్లిపోయింది. ఏడవలేదు. సంచీ భుజాన వేసుకుని నా టేబుల్ దగ్గర ఆగింది. గుండును చేతిలోకి తీసుకుని బరువు చూసి, మళ్లీ ఉన్నచోటే పెట్టింది. "వెళ్లొస్తాను సార్" అంది. "మంచిదమ్మా" అన్నాను.

నాకు సంతోషంగా ఉండాలి. ఉంది కూడా. సోమవారం కిటికీ దగ్గరికి మారిపోతాను.

మార్చి 22, శనివారం

ఉంది అని రాశాను గానీ లేదు.

మార్చి 24, సోమవారం

వివరంగా రాయాలి.

కిటికీ దగ్గర కూర్చుని ఆ అమ్మాయి వాడిన కంప్యూటరులో లైబ్రరీ ఫైలు తెరిచాను. అది గట్టి యంత్రం, దేనికీ మొరాయించదు. లేజరు చుక్కలు తగిలించే ఉన్నాయి, ఆ అమ్మాయి తీసేయలేదు. ప్లాన్ మీద నా తూర్పు గోడ నల్లటి గీత. దాని పక్కనే చుక్కల గోడ. దక్షిణం మూలన రెండూ ఒక్కటే. ఉత్తరానికి పోయేకొద్దీ చుక్కలు గీతను వదిలి బయటికి జరుగుతూ పోయాయి.

కోణం కొలిచాను. ఎంతో రాయక్కర్లేదు.

బాణం చుక్కల గోడకు సూటిగా ఎదురు నిలబడి ఉంది. నేను సున్నాకు తిప్పితే నా గోడకు సూటిగా ఉంటుంది, చుక్కల గోడకు ఉండదు. మూడుసార్లు అటూ ఇటూ తిప్పి చూశాను.

లేజరు వాళ్లు తప్పు కొలిచి ఉంటారు. ఈ రోజుల్లో ఎవరికి శ్రద్ధ ఉంది. యంత్రం ఎక్కడో ఒరిగి ఉంటుంది.

రెండోసారి టేపు ఎందుకు పట్టామో గుర్తొచ్చింది. ఉత్తరం చివర వెడల్పు దక్షిణం చివరకన్నా ఎక్కువ వచ్చింది. టేపు అవతలి కొస పట్టుకున్నవాడు సరిగ్గా పట్టలేదనుకుని రెండోసారి పట్టించాను. మళ్లీ అంతే వచ్చింది. వాణ్ణి తిట్టాను. మూడోసారి కొలవలేదు. కాదు, మూడోసారి కూడా కొలిచాం. కాగితం మీద రెండు చివరలా దక్షిణం కొలతే వేశాను. మంచి భవనం, ఎందుకు వంకరగా ఉంటుందనుకున్నాను. అప్పుడు నాకు ఇరవై అయిదేళ్లు.

మార్చి 25, మంగళవారం

ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఎల్లుండి తర్వాత ఆర్డరు. లేజరు తప్పయితే అనవసరంగా అల్లరి అవుతుంది.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ నాకు చొక్కా గుడ్డ కత్తిరిస్తోంది. రెండు భుజాల ముక్కలూ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"తప్పు కత్తిరించావు" అన్నాను.

"లేదండీ. మీ ఎడమ భుజం కుడి దానికన్నా అర అంగుళం కిందికి ఉంటుంది. పెళ్లయినప్పటినుంచీ అలాగే కత్తిరిస్తున్నాను."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెబితే మీరు ఒప్పుకుంటారా? టేపు తప్పంటారు" అని నవ్వింది. "మనిషి ఎలా ఉంటే గుడ్డ అలా కత్తిరించాలి. అప్పుడే తొడుక్కుంటే తిన్నగా కనిపిస్తుంది."

అద్దం ముందు చొక్కా విప్పి నిలబడ్డాను. యాభై ఒక్క ఏళ్లుగా నా ఒంటి మీదే ఉంది, నాకు తెలియదు. చాలా సిగ్గేసింది. భుజం గురించి కాదు.

మార్చి 26, బుధవారం

సెలవు పెట్టి లైబ్రరీకి వెళ్లాను. మేస్త్రీని పిలిచాను. అక్కడ మరమ్మతులన్నీ మొదటినుంచీ ఆయనే చేస్తున్నాడు. గుండు వెంట తీసుకెళ్లాను. తూర్పు గోడకు మూడుచోట్ల దారం వేలాడదీసి చూశాను. నిలువు అద్భుతంగా ఉంది, నూలుపోగంత తేడా లేదు. ప్రాణం లేచొచ్చింది.

"చూశావా, తిన్నగా ఉంది" అన్నాను.

"నిలువు సంగతి ఎవరడిగారు గుండుగారూ? నిలువుకేం, బంగారంలా ఉంది. గోడ పక్కకి తిరిగింది. మూలమట్టం పెట్టి చూడండి."

లోపలికి వెళ్లి, దక్షిణం మూలన మూల సరిచూసే మూలమట్టం పెట్టి, దాని వెంట ఉత్తరం చివరిదాకా దారం లాగాం. ఇరవై నాలుగు మీటర్లు. చివర దారానికీ గోడకూ మధ్య నా చెయ్యి పెట్టాను. చిటికెనవేలు దారానికి తగిలింది, బొటనవేలు గోడకు తగిలింది. జానెడు.

మేస్త్రీ నేల చూపించాడు. గోడ పక్క బండల వరస దక్షిణం మూలన సన్నటి ముక్కతో మొదలై, పోనుపోను వెడల్పయ్యి, ఉత్తరం మూలకి చేరేసరికి దాదాపు నిండు బండ అయింది.

"నీకు ముందే తెలుసా?"

"బండలు వేసినప్పుడే తెలుసు. పుస్తకాల బీరువాలు పెట్టిన వడ్రంగికీ తెలుసు, చివరి బీరువా వెనక చెక్క దూర్చాడు. మీ కాగితంలో తిన్నగా ఉంది కదా, పెద్దవాళ్లు చూసుకున్నారులే అనుకున్నాం." తర్వాత మామూలుగా అన్నాడు: "పోయిన నెల మీ ఆఫీసు అమ్మాయి వచ్చి ఇదే కొలుచుకుని వెళ్లింది. ఈ గోడకి ఇంత వంక ఉందేంటి అని అడిగింది. గోడ వంక మీ గుండుగారికి చూపించమ్మా అన్నాను. చూపించలేదా?"

చూపించింది. ఎర్ర అక్షరాలతో రాసి చూపించింది. రెండోసారి దయచేసి అని కూడా రాసింది. గోడ వంక. గోడకున్న వంక. ఆ మాట పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ నాకు తెలుసు. ఒక్క అర్థమే చదివాను, నాకు కావలసింది.

బండల మీదే కూర్చుండిపోయాను. మేస్త్రీ మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

మార్చి 27, గురువారం

పెద్దాయనకు ఇవ్వడానికి కాగితం రాశాను. మొదటి కాగితంలో ఆ రోజుల్లో టేపులు నాసిరకంగా ఉండేవని రాసి చింపేశాను. రెండో దానిలో టేపు కొస పట్టుకున్నవాడి సంగతి వచ్చింది, అదీ చింపాను. మూడోది ఇచ్చాను.

"తూర్పు గోడ అర డిగ్రీ తిరిగి ఉంది. తెలిసే తిన్నగా గీసింది నేను. అమ్మాయి సరిగ్గా తిప్పింది."

ఆయన చాలాసేపు చదివాడు, మూడే ముక్కలు అయినా.

"రేపు ఆర్డరు వెళ్లి ఉంటే చట్రాలు చివర జానెడు పొడుగై గోడకు గుద్దుకునేవి" అన్నాడు.

"అవును."

"మరి ఆ అమ్మాయి నాకు ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్పింది. మీ ముందే నాకు రాసి పెట్టానంది. నేను నోరు మూసుకున్నాను."

ఆర్డరు ఆపించాడు. తనిఖీ గడిలో ఇకనుంచి నా పొడి అక్షరాలు వేయవద్దన్నాడు. భుజం మీద చెయ్యి వేయలేదు. ఆ అమ్మాయిని పిలిపించండి అన్నాను. "పంపించింది మీ మాట మీద. పిలవాల్సింది కూడా మీరే" అన్నాడు.

సాయంత్రం ఫోను చేశాను. ఏం చెప్పాలో రాసుకున్నాను గానీ చదవలేదు.

"గోడ వంక చూశానమ్మా" అన్నాను.

అవతల ఏదో తలుపు వేసుకున్న చప్పుడయింది.

"ఎంత వచ్చింది సార్?"

"జానెడు."

"నాకు ఇరవై ఒక్క సెంటీమీటర్లు వచ్చింది."

"నా జాన అంతే ఉంటుంది." తర్వాత అడిగాను, ఇన్నాళ్లూ అడగాల్సింది. "పెద్దాయన అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"మీరు గీసిన గోడ కదా సార్. మీరే చెబుతారనుకున్నాను."

ఏడుపొచ్చింది. దాచుకోలేదు, దాచుకోవడం చేతకాలేదు. తప్పయిపోయిందమ్మా అన్నాను. తిరిగి రమ్మన్నాను.

"సోమవారం ఇంకోచోట రమ్మన్నారు సార్. ఆలోచించుకుంటాను." తర్వాత, "మీరు కిటికీ దగ్గరికి మారిపోయారటగా" అంది.

"మారాను. రేపు మళ్లీ పాత చోటికి పోతాను."

"అక్కడ ఏం కనిపిస్తుంది సార్?"

"గోడ" అన్నాను.

మార్చి 28, శుక్రవారం

నా సామాను మార్చుకున్నాను. ఫైలులో తూర్పు గోడకు వేసిన తాళం తీసేశాను. గోడను నేను కదపలేదు. అది కనిపెట్టిన మనిషి కదపాలి.

మార్చి 31, సోమవారం

తొమ్మిదింటికి కిటికీ సీటు ఖాళీ. తొమ్మిదింబావుకీ ఖాళీ. తర్వాత గోడ వైపు తిరిగి కూర్చున్నాను, వెనక్కి చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ప్రింటరు మోగింది. ఎవరెవరో వచ్చారు, వెళ్లారు.

పదింటికి ఫైలు తెరిచాను. పాత గోడ అర డిగ్రీ తిరిగి ఉంది. కొత్త హాలు స్తంభాలు దాని వెంటే తిరిగాయి. తూర్పు ఎలివేషన్‌లో ఏడు గీతలూ ఉన్నాయి.

ఎవరు తిప్పారో చూడక్కర్లేదు, అయినా అలవాటు చొప్పున చూశాను. ఇవాళ పొద్దున, తొమ్మిదీ నలభై.